ఏడు శ్రుతా, ఆరున్నరా?

గుడ్ ఫ్రైడే వెళ్లిన రెండు వారాల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే పాట గురించి ఉన్నాయి. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి ఆ నాలుగింటికే జవాబులు రాస్తున్నాను. ఆ పాట యోహాన్ సెబాస్టియన్ బాఖ్ స్వరపరచిన ‘సెయింట్ మాథ్యూ పాషన్’లోని ‘ఎర్బార్మె దిఖ్’ అనే ఆరియా, అంటే వాద్యాల తోడుతో ఒకే గొంతు పాడే పాట. మత్తయి సువార్తలోని క్రీస్తు శ్రమల ఘట్టాన్ని సంగీతంలో చెప్పే ఈ పెద్ద రచనను 1727 గుడ్ ఫ్రైడే నాడు జర్మనీలోని లైప్‌జిగ్‌లో, సెయింట్ థామస్ చర్చిలో మొదటిసారి పాడారని ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు అంగీకరిస్తున్నారు. కోడి కూసేలోపు యేసు ఎవరో తనకు తెలియదని మూడుసార్లు బొంకిన పేతురు, బయటికి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చిన మరుక్షణం ఒక ఆల్టో గొంతూ (ఆడవారి గొంతుల్లో కింది స్థాయిది) ఒక ఒంటరి వయొలినూ కలిసి ‘నా కన్నీళ్లు చూసైనా కరుణించు దేవా’ అని వేడుకుంటాయి.

ప్రశ్న: ఆబిడ్స్‌లో ఆదివారం నాడు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఈ పాట ఉన్న ఎల్‌పీ రికార్డు ఒకటి దొరికింది. అట్ట సగం చిరిగిపోవడం వల్ల పాడినవారి పేర్లు కనబడడం లేదు. హార్మోనియం పక్కన పెట్టుకుని వింటే పాట ఏడు శ్రుతిలో, అంటే ఏడో తెల్ల మెట్టు మీద, పలుకుతోంది. అదే పాటను ఫోన్‌లో ఇంకొకరు పాడగా వింటే సరిగ్గా ఆరున్నరకు, అంటే దాని కింద పక్కనే ఉన్న నల్ల మెట్టుకు, కలుస్తోంది. ఎల్‌పీలో పాట ఏడు నిమిషాల ఇరవై సెకన్లు ఉంది, ఫోన్‌లో ఆరు నిమిషాలే ఉంది. రికార్డు ప్లేయర్ మా నాన్నగారి కాలం నాటిది. దాని మోటారు పాడైందా? రెండింటిలో ఏది అసలు శ్రుతి?
— ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: మీ ప్లేయర్ మోటారుకు ఏ జబ్బూ లేదు. ఆ సంగతి మీరు రాసిన అంకెల్లోనే ఉంది. రికార్డు ఉండవలసినదానికంటే వేగంగా తిరిగితే శ్రుతి పెరుగుతుంది, దానితోపాటే పాట నిడివి తగ్గుతుంది. మెల్లగా తిరిగితే శ్రుతి దిగుతుంది, నిడివి పెరుగుతుంది. శ్రుతీ, వేగమూ ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లాంటివి, ఒకటి ముందుకు పోయి రెండోది వెనక్కి పోవడం జరగదు. అర స్వరం, అంటే హార్మోనియం మీద ఒక్క మెట్టు, పెరగాలంటే వేగం సుమారు ఆరు శాతం పెరగాలి, అప్పుడు ఏడు నిమిషాల పాట ఆరు నిమిషాల ముప్ఫై ఆరు సెకన్లకే అయిపోతుంది. మీ ఎల్‌పీ శ్రుతిలో పైన ఉంది, నడకలో మాత్రం నిదానంగా ఉంది. ఏ మోటారు లోపమూ ఇలా చేయలేదు. పాడినవారే ఎక్కువ శ్రుతిలో, తక్కువ వేగంతో పాడారు.

ఇది నాకు బాగా తెలియడానికి కారణం, ఒకప్పుడు నేను దీనికి సరిగ్గా తలకిందుల పొరపాటులో పడడమే. చదువుకునే రోజుల్లో నా దగ్గరున్న టేప్‌రికార్డర్ బెల్టు సాగిపోయి ఉండేది. దాని మీద ఈ పాట ఆరు శ్రుతిలో, గోదారిలో ఎదురీదే పడవలా బరువుగా సాగేది. ఏడు నిమిషాలు ఉండవలసిన పాట ఏడు నిమిషాల యాభై సెకన్లు వచ్చేది. ఆ బరువే బాఖ్ గొప్పదనమని రెండేళ్లపాటు నలుగురికీ చెబుతూ తిరిగాను. బెల్టు మార్చిన రోజు రాత్రి పాట ఒక స్వరం పైకి వెళ్లి, చురుగ్గా నడిచి, నన్ను చాలా చిన్నబుచ్చింది.

ఇక అసలు శ్రుతి సంగతి. బాఖ్ కాగితం మీద రాసింది బి మైనర్, అంటే హార్మోనియం మీద ఏడు. అయితే ఆ ‘బి’ ఎంత ఎత్తున పలకాలన్నది అప్పట్లో ఊరికో రకంగా ఉండేది. ‘ఎ’ స్వరాన్ని 440 హెర్ట్జ్‌కు (సెకనుకు 440 కంపనాలకు) కట్టాలని కొన్ని దేశాలు కలిసి ఒప్పుకున్నది 1939లో లండన్‌లో జరిగిన సమావేశంలో. ఆధునిక వాద్యబృందాలు దాదాపు ఆ కొలత మీదే వాయిస్తాయి కాబట్టి మీ ఎల్‌పీలో పాట ఏడులో పలుకుతోంది. పాత పద్ధతి వయొలిన్లూ, పేగు తంతులూ, చెక్క ఫ్లూట్లూ వాడే నేటి బృందాలు మాత్రం ‘ఎ’ని 415 దగ్గర పెట్టుకుంటాయి. 440కీ 415కీ తేడా దాదాపు అర స్వరం. అందుకే వాళ్లు అదే బి మైనర్ కాగితాన్ని ముందు పెట్టుకుని వాయిస్తున్నా, మీ హార్మోనియానికి అది తెల్ల మెట్టు మీది ఏడుగా కాక నల్ల మెట్టు మీది ఆరున్నరగా వినబడుతుంది.

415 కూడా ఆకాశం నుంచి ఊడిపడిన అంకె కాదు. ఆనాటి వాద్యాల శ్రుతులకు దగ్గరగా ఉంటూ, నేటి కీబోర్డు మీద సరిగ్గా ఒక మెట్టు కిందకు జరిపితే సరిపోతుందనే సౌకర్యం కోసం ఈ కాలంవారు కుదుర్చుకున్న రాజీ అది. లైప్‌జిగ్‌లోనైతే ఇంకో చిక్కు కూడా ఉండేది. చర్చి ఆర్గన్‌లు తక్కిన వాద్యాలకంటే సుమారు ఒక స్వరం ఎక్కువ శ్రుతిలో ఉండడంతో, ఆర్గన్ వాయించేవారికి ఇచ్చే కాగితాన్ని ఒక స్వరం దింపి రాసేవారు. ఆ లెక్కన తక్కినవారి ముందు బి మైనర్‌గా కనిపించే పాట ఆర్గన్ ముందు ఎ మైనర్‌గా కనిపిస్తుంది, చర్చిలో మాత్రం ఒకే శ్రుతిగా వినిపిస్తుంది. కచేరీకి వచ్చిన గాయని గొంతును బట్టి తంబురాను ఐదున్నరకో ఐదుకో సవరించుకునే మనకు ఇది వింతగా తోచనక్కరలేదు. మీ రెండు రికార్డుల్లో ఏదీ తప్పు శ్రుతిలో లేదు.

ప్రశ్న: సికింద్రాబాద్‌లోని మా చర్చి క్వయిర్‌లో నాది ఆల్టో గొంతు. ఈసారి గుడ్ ఫ్రైడేకి ఈ ఆరియా నాతో పాడించారు. దుఃఖం ఒలకాలంటే ఇంకా మెల్లగా పాడాలని మా మాస్టారు పదే పదే చెప్పారు. పాడుతుంటే ఊపిరి చాలలేదు, వింటున్నవారికి నిద్ర వచ్చిందని మా తమ్ముడు అన్నాడు. ఈ పాటకు సరైన కాలప్రమాణం ఏది?
— ఒక పాఠకురాలు, మారేడుపల్లి

జవాబు: మీ తమ్ముడికి సంగీతం రాకపోయినా చెవి ఉంది.

ముందు పాట నడకను చూద్దాం. దీని తాళం 12/8. ఒక్కో ఆవర్తంలో పన్నెండు చిన్న అక్షరాలు ఉంటాయి, అవి మూడేసి చొప్పున నాలుగు గుంపులుగా నడుస్తాయి. మన లెక్కలో చెప్పాలంటే నాలుగు దెబ్బల తాళానికి తిశ్రగతి: తకిట తకిట తకిట తకిట. అయితే ఈ తకిటలో మూడు అక్షరాలూ సమానంగా ఉండవు. చాలా చోట్ల మొదటిది కాస్త సాగుతుంది, రెండోది చటుక్కున జారిపోతుంది, మూడోది నిలదొక్కుకుంటుంది. దీన్ని సిసిలియానో నడక అంటారు. పుట్టుకరీత్యా ఇది పల్లెపట్టు నృత్యానికి సంబంధించినది. పెద్ద దెబ్బ దగ్గర ఉయ్యాల ఒకసారి ముందుకు వస్తుంది, మూడో అక్షరం మీద మళ్లీ వెనక్కి ఒరుగుతుంది. పసిబిడ్డను ఊరుకోబెట్టే ఊపు మీద గుండె పగిలే మాటలు పలికించడమే ఇక్కడ బాఖ్ చేసిన పని. నా మటుకు నాకు ఈ పాటలోని దుఃఖమంతా ఆ పొంతన లేనితనంలోనే ఉంది.

ఇప్పుడు మెల్లగా పాడితే ఏమవుతుందో చూడండి. ఆరియాలో 54 ఆవర్తాలు ఉన్నాయి, ఆవర్తానికి నాలుగు పెద్ద దెబ్బల చొప్పున మొత్తం 216. పాట ఆరు నిమిషాల్లో ముగిస్తే నిమిషానికి 36 దెబ్బలు పడతాయి. పై ఉత్తరంలోని ఎల్‌పీలో సుమారు 29 పడుతున్నాయి. ఇంకా తగ్గించి 24కు తెస్తే పాట తొమ్మిది నిమిషాలు అవుతుంది, ఒక్కో దెబ్బకు రెండున్నర సెకన్లు పడుతుంది. అంత ఎడం వచ్చాక చెవి ఆ నాలుగు ఊపులను పట్టుకోలేదు. ఊపుకు బదులు పన్నెండు విడి విడి అక్షరాలు ఒకదాని వెనుక ఒకటి అడుగులు వేస్తూ వినిపిస్తాయి. ఉయ్యాల ఆగిపోతుంది. శవయాత్ర మొదలవుతుంది. మీ మాస్టారు కోరుకున్న దుఃఖం రావాలంటే ఆ ఊపు బతికి ఉండాలి, ఆయన మందు ఆ ఊపునే చంపేసింది.

ఊపిరి చాలకపోవడం మీ లోపం కాదు. గొంతు పట్టుకునే పొడుగాటి స్వరాలు, వాటి చివర వచ్చే అల్లికలు ఒక ఊపిరికి సరిపోయేలా రాసినవి. వేగం మరీ తగ్గిస్తే ‘ఎర్బార్మె’ అనే మాటను నడిమధ్యలో విరిచి గాలి పీల్చుకోవలసి వస్తుంది. వేడుకునేవాడు వెక్కుతూ మాట విరిచినా అందంగానే ఉంటుంది, గాలి అందక విరిస్తే మాత్రం వినేవాళ్లు మన ఆరోగ్యం గురించి కంగారుపడతారు. వయొలిన్ వాయించే ఆయనను కూడా అడిగి చూడండి, కమాను ఎక్కడ తిప్పాలో తెలియక ఆయన పడ్డ అవస్థ చెబుతారు.

బాఖ్ ఏ వేగం కోరుకున్నాడని అడిగితే అంకెల్లో చెప్పలేం, ఎందుకంటే టిక్కుటిక్కుమంటూ వేగాన్ని కొలిచే మెట్రొనోమ్ యంత్రానికి పేటెంటు వచ్చిందే 1815లో. అయినా రెండు ఆధారాలు ఉపయోగపడతాయి. బాఖ్ చనిపోయిన నాలుగేళ్లకు, 1754లో అచ్చయిన సంస్మరణ వ్యాసంలో, ఆయన వాద్యబృందాన్ని నడిపించేటప్పుడు సాధారణంగా చాలా చురుకైన కాలప్రమాణం తీసుకునేవాడనీ, దానిలో తొణికేవాడు కాదనీ ఉంది. రాసినవారిలో ఆయన కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ ఒకరు కాబట్టి ఆ మాటకు విలువ ఉంది. ఇక ఫ్లూట్ విద్వాంసుడు క్వాంట్జ్ 1752లో రాసిన వాద్యబోధిని, నిమిషానికి దాదాపు 80 సార్లు కొట్టుకునే ఆరోగ్యవంతుడి నాడిని వేగానికి కొలతగా తీసుకోమంటుంది. మన కాలప్రమాణం కూడా మొదట ఒంట్లోంచే పుట్టిందని ఇంట్లో పెద్దవాళ్లు తొడ మీద తాళం వేయడం చూస్తే తెలుస్తుంది.

మెల్లగా పాడడమే భక్తి అనే అలవాటు చాలావరకు తర్వాతి కాలానిది. స్వరకర్త మెండెల్సన్ 1829లో బెర్లిన్‌లో ఈ రచనను మళ్లీ వెలుగులోకి తెచ్చినప్పుడు వందకు మించిన గాయకులు పాడారు. ఆ శతాబ్దమంతా బృందాలు పెరిగాయి, బృందం పెరిగినకొద్దీ నడక బరువెక్కింది. ఆ సంప్రదాయపు చివరి పెద్ద కొమ్మల్లో ఒకటి ఓటో క్లెంపెరర్ నడిపించగా 1960, 61లలో లండన్‌లో చేసిన రికార్డింగు. అందులో మొదటి బృందగానమే దాదాపు 12 నిమిషాలు సాగుతుంది. 1988లో జాన్ ఎలియట్ గార్డినర్ బృందం దాన్నే ఏడు నిమిషాల సుమారులో ముగించింది. ఒకే కాగితానికి ఇంత తేడా ఉంది మరి.

మీకు నేను చెప్పగలిగింది ఇది. మీ చర్చి పైకప్పు ఎత్తుగా ఉండి ప్రతిధ్వని ఎక్కువగా ఉంటే నిమిషానికి 33 దెబ్బల దగ్గర, లేకపోతే 36 దగ్గర మొదలుపెట్టండి. పాడే ముందు నోటితో స్వరం లేకుండా ‘తకిట’ మాత్రం నాలుగు ఆవర్తాలు చెప్పుకుంటూ కూర్చున్నచోటే ఒళ్లు ఊపండి. ఒళ్లు తనంతట తాను ఊగితే అదే మీ వేగం. ఊగడానికి మీరు ప్రయత్నించవలసి వస్తే కాస్త పెంచండి. మాస్టారితో వాదనకు దిగకండి. ఒక్కసారి ఆయనచేత కూడా ఆ తకిట చెప్పించండి.

ప్రశ్న: నేను కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నాను. ఈ పాట వినగానే కీరవాణి అనిపించింది, మా గురువుగారు నఠభైరవి ఛాయ కూడా ఉందన్నారు. అసలు బి మైనర్ అనే శ్రుతికే శోకరసం ఉందని ఎక్కడో చదివాను. నిజమేనా?
— ఒక విద్యార్థిని, చిక్కడపల్లి

జవాబు: మీరూ మీ గురువుగారూ ఇద్దరూ సరిగ్గానే విన్నారు, గౌరీమనోహరి కూడా ఉందని మూడో మనిషి అన్నా కాదనలేం. పాశ్చాత్యుల మైనర్ అనేది మన మేళకర్తలా, అంటే స్వరాలు స్థిరంగా ఉండే మూల రాగంలా, బిగుసుకున్న చట్రం కాదు. అవసరాన్ని బట్టి ధైవతం, నిషాదం పైకీ కిందికీ జరుగుతుంటాయి. శుద్ధ ధైవతంతో కైశికి నిషాదం చేరితే 20వ మేళమైన నఠభైరవి, అదే ధైవతానికి కాకలి నిషాదం చేరితే 21వ మేళమైన కీరవాణి, పైకి ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం తీసుకుంటే 23వ మేళమైన గౌరీమనోహరి వినిపిస్తాయి. పైగా పాట మధ్యలో ఆధార షడ్జమమే చోటు మారుతుంది. తంబురా నడిచే సంగీతంలో పెరిగిన మన చెవికి అక్కడ కాలి కింద నేల కదిలినట్టుంటుంది. కాబట్టి కీరవాణి అనుకుని వినడం మొదలుపెట్టడానికి మంచి గుమ్మమే, లోపలికి వెళ్లాక మాత్రం ఆ పేరును పట్టుకుని కూర్చోకండి.

శ్రుతికి రసం ఉంటుందన్న మాట ఆ కాలంలో గట్టిగానే చెప్పారు. హాంబుర్గ్‌కు చెందిన సంగీత రచయిత యోహాన్ మాటెసన్ 1713లో ఒక్కో శ్రుతికీ ఒక్కో స్వభావం చెబుతూ, బి మైనర్‌ను విచిత్రమైనదిగా, ఉత్సాహం లేనిదిగా, దిగులుతో కూడినదిగా వర్ణించాడు. అయితే మనుషుల తత్త్వాన్ని బట్టి ఒకే శ్రుతి ఒక్కొక్కరికి ఒక్కోలా తోచవచ్చని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలును తర్వాతివాళ్లు చాలామంది మరిచిపోయి పట్టికను మాత్రం ఎత్తిరాశారు.

పట్టికను పరీక్షించడం సులువు. ఫ్లూట్ ప్రధానంగా ఉండే బాఖ్ రెండో ఆర్కెస్ట్రా సూట్ (నృత్యపు తునకల వరుస) చివర ‘బదినెరీ’ అనే చిన్న భాగం ఉంది. ఒకప్పుడు సెల్‌ఫోన్ రింగ్‌టోన్‌గా మోగి మోగి మనందరికీ తెలిసిన తునక అది. గడపలోంచి వీధిలోకి పిల్లాడు పరుగెత్తినట్టు ఉంటుంది. అది కూడా బి మైనరే. శోకం శ్రుతిలోనే ఉంటే ఆ పిల్లాడు ఏడుస్తూ పరుగెత్తాలి. ఒకే రాగంలో ఒక కీర్తన వేడుకోలుగా, ఇంకొకటి ఆటపట్టింపుగా ఉండడం మీకు పాఠంలోనే అనుభవమై ఉంటుంది.

మరి ఈ ఆరియాలో శోకం ఎక్కడి నుంచి వచ్చింది? ఊపు గురించి పై జవాబులో రాశాను. రెండోది వయొలిన్ మొదటి ఎత్తుగడ. ఏడు శ్రుతిని షడ్జమం అనుకుని వినండి. వయొలిన్ మంద్ర పంచమంలో మొదలై, ఒక్క గెంతులో సాధారణ గాంధారం మీదికి వెళ్తుంది. అక్కడ నిలవలేక రిషభం మీదుగా షడ్జమానికి దిగుతుంది. చేయి చాచి పైకి అందుకోబోవడం, అందక దించుకోవడం. ఎక్కేది ఒక్క అంగలో, దిగేది మెట్టు మెట్టుగా. గొంతు వచ్చినప్పుడు అదే గెంతుతో మొదలవుతుంది, కాని వయొలిన్ పలికిన చిన్న చిన్న అలంకారాలన్నీ గొంతుకు దక్కవు. మనిషి నోట రాని మిగతా ఏడుపును వాద్యం ఏడుస్తుంది.

ఆ గెంతును రేపు సాధనలో మీ శ్రుతిలోనే పాడి చూడండి. పంచమం నుంచి గాంధారానికి మనవాళ్ల అలవాటు కొద్దీ జారు వేస్తే ఒక రకంగా, జారు లేకుండా గెంతితే మరో రకంగా ఉంటుంది. ఏడులో పాడినా ఐదున్నరలో పాడినా ఆ ఆర్తి ఎక్కడికీ పోదు.

ప్రశ్న: ఈ పాటను ఆడవారు పాడిందే వినాలా, మగవారు పాడింది కూడా వినవచ్చా? ఎవరి రికార్డింగు కొనమంటారు? ఆరియా ఒక్కటే వింటే చాలా?
— ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: బాఖ్ కాలంలో లైప్‌జిగ్ చర్చిలో ఆడవారు పాడేవారు కాదు, ఆల్టో పాఠాన్ని అబ్బాయిలో, పై స్థాయిలో పాడగల యువకులో పాడేవారు. ఇప్పుడు రెండు రకాల గొంతులూ పాడుతున్నాయి. క్లెంపెరర్ రికార్డింగులో క్రిస్టా లుడ్విగ్ గొంతు ఒక తల్లి గొంతులా నిండుగా ఉంటుంది, గార్డినర్ రికార్డింగులో కౌంటర్‌టెనర్ (ఆల్టో స్థాయిలో పాడే మగ గొంతు) మైకేల్ ఛాన్స్ గొంతు సన్నగా, ఇంకా దిక్కులేనట్టుగా వినిపిస్తుంది. ఒకటే తీసుకోమంటే నేను రెండోది తీసుకుంటాను, పండగ పూట అలసిపోయి ఉంటే మొదటిది వింటాను. మీ తాతగారి పెట్టెలో 78 చుట్ల రికార్డులు ఏమైనా ఉండి, వాటిలో ఈ పాట కనబడితే, మధ్యలో ఆగిపోయిందని పారేయకండి. ఆ రికార్డుల్లో ఒక వైపు నాలుగైదు నిమిషాలకు మించి పట్టేది కాదు, మిగతా పాట రెండో వైపు ఉంటుంది.

ఆరియా ఒక్కటే వింటే చాలదు. దాని ముందున్న చిన్న కథనం నుంచి మొదలుపెట్టండి. అందులో సువార్త చెప్పే టెనర్ (మగవారి పై స్థాయి) గొంతు అంతవరకూ వార్త చదివినట్టు తటస్థంగా సాగి, పేతురు ఏడ్చాడని చెప్పవలసిన చోట తానే తట్టుకోలేక ఆ ఏడుపును వంపులు వంపులుగా పాడుతుంది. అక్కడ వచ్చే మాట ‘బిట్టర్‌లిఖ్’, భోరున అని దాని అర్థం. వెంటనే వయొలిన్ అందుకుంటుంది. ఆరియాకు రాసిన పద్యం ఎక్కడ ముగుస్తుందో చూడండి, దాని చివరి మాట కూడా ‘బిట్టర్‌లిఖ్’ అనే.